ముగింపు తెలిసిన కథ ఎందుకు చదవాలి?

[తెరపై: అట్ట ఊడిన పాత నవల. వెన్నుకి దారంతో వేసిన కుట్లు. మొదటి పేజీ మీద వెలిసిపోయిన రబ్బరు స్టాంపు.]

ఇది అమ్మ పెట్టెలో దొరికింది. యద్దనపూడి సులోచనారాణి రాసిన ‘సెక్రటరీ’. స్టాంపు చూస్తే అద్దె పుస్తకాల షాపుదని తెలుస్తోంది. అంటే అమ్మ తిరిగి ఇవ్వలేదన్నమాట. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

దీని మీద వీడియో చేస్తానంటే మా ఫ్రెండ్ ఒకడు నవ్వాడు. “ప్రేమ నవలా? ఆరడుగుల అందగాడు, పెద్ద కారు, చివర్లో పెళ్లి. చదవడానికి ఏముందిరా అందులో?”

వాడు ఒక్క ప్రేమ నవల కూడా చదవలేదు. కానీ 2016లో ‘అఆ’ సినిమా థియేటర్లో రెండుసార్లు చూశాడు. ఆ కథ వేళ్లు యద్దనపూడి ‘మీనా’లో ఉన్నాయి. అదే నవలని 1973లోనే విజయనిర్మల సినిమాగా తీశారు. తెర మీద చూస్తే చక్కటి కుటుంబ కథ, కాగితం మీద చదివితే కాలక్షేపం! ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

“ముగింపు ముందే తెలుసు కదా” అంటారు. తెలుసు. డిటెక్టివ్ నవల్లో హంతకుడు దొరుకుతాడని తెలియదా? శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లేవాళ్లకి సీతమ్మ మెడలో తాళి ఎవరు కడతారో తెలియదా? తెలిసే కదా ఎండలో నిలబడతారు.

[తెరపై: వానలో బస్ స్టాప్. గీసిన బొమ్మ చాలు.]

ప్రేమ నవల ఎలా పనిచేస్తుందో చూపిస్తాను. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నేను అల్లిన చిన్న సీను. ఆఫీసు వదిలారు. వాన. అమ్మాయి బస్ స్టాప్‌లో ఉంది. యజమాని కారు ఆపి, “ఎక్కండి, దింపేస్తాను” అన్నాడు. “బస్సు వస్తుందండీ” అంది. ఇంతలో బస్సు రానే వచ్చింది, ఆగకుండా బురద చిమ్మి పోయింది. అతను ఇంకా అక్కడే ఉన్నాడు.

అంతే సీను. ఇప్పుడు ఆ అమ్మాయి తలలోకి వెళ్లండి. ఎక్కితే రేపు ఆఫీసులో ఏమంటారు? ఎక్కకపోతే ఉన్న ఒక్క మంచి చీర పాడవుతుంది. అతను నిజంగానే మర్యాదకి అడిగాడా, జీతం ఇస్తున్నాను కదా అని అడిగాడా? అసలు తనకి ఎక్కాలని ఉందని అతనికి తెలిసిపోయిందా? ఒక కారు తలుపు చుట్టూ డబ్బు, పరువు, ఇష్టం, భయం అన్నీ ఉన్నాయి. ఈ టెన్షన్‌ని మూడు వందల పేజీలు నిలబెట్టడం తేలిక కాదు. నమ్మకపోతే మూడు పేజీలు రాసి చూడండి.

‘సెక్రటరీ’లో జయంతిది ఇలాంటి పరిస్థితే. ఉద్యోగం చేస్తే గానీ గడవని అమ్మాయి. జీతం ఇచ్చేది రాజశేఖరం. అతనంటే ఇష్టం ఉన్నా తల వంచదు. 1960లలో వచ్చిన నవల ఇది. ఆడపిల్లని ఉద్యోగానికి పంపాలా వద్దా అని ఇళ్లలో వాదించుకుంటున్న కాలం. పంపాక ఆఫీసులో ఆ పిల్ల ఎవరితో ఎలా మాట్లాడాలో చెప్పినవాళ్లు ఎవరూ లేరు. వంటింటి గట్టు మీద పోపు మాడుతుంటే చదివిన అమ్మలూ, క్లాసు పుస్తకంలో దాచుకుని చదివిన అమ్మాయిలూ వెతుక్కున్నది ఒక్క హీరోనేనా? నాకైతే అనుమానమే.

వారపత్రికల్లో రచయిత్రుల సీరియళ్లకి గిరాకీ ఎంత పెరిగిందంటే, మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని మరీ రాశారు. “ఆడవాళ్ల కాలక్షేపం” అని వెక్కిరించినవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

లోపాలు లేవా? బోలెడు. పాత నవలల్లో హీరో పొగరుని మగతనం అనేస్తారు. కొన్ని చోట్ల నాకే పుస్తకం గోడకేసి కొట్టాలనిపించింది. డబ్బున్నవాళ్ల ఇళ్ల వర్ణనలు మరీ సాగుతాయి, నేను ఆ పేరాలు దాటేస్తాను. మీరూ దాటేయండి, ఎవరూ ఏమీ అనరు. నాసిరకం ప్రేమ నవలలూ చాలానే ఉన్నాయి. అయినా నాసిరకం కవిత్వం చదివి కవిత్వమే దండగ అని ఎవరూ అనరు కదా.

మొదటిసారి చదివేవాళ్లకి నాదొక మాట. పెళ్లి ఎప్పుడవుతుందా అని చూడకండి. ఎవరి చేతిలో డబ్బుంది, ఎవరు ముందు క్షమాపణ అడిగారు, అమ్మాయి “వద్దు” అన్నప్పుడు ఎవరు విన్నారు, ఇవి చూస్తూ చదవండి. యాభై పేజీలకీ పట్టుకోకపోతే పక్కన పెట్టేయండి.

[తెరపై: నవల చివరి పేజీ. దాని తర్వాత చిరిగిన అంచులు.]

అన్నట్టు, అమ్మ కాపీలో చివరి ఎనిమిది పేజీలు లేవు. రాత్రి ఒంటిగంటకి అక్కడికి చేరాను. వాళ్లిద్దరూ కలుస్తారని నాకు తెలుసు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో వచ్చిన సినిమా కూడా చూసి ఉన్నాను. అయినా ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చున్నాను. మూడో గుట్టలో ఇంకో కాపీ దొరికింది. కొనకముందే వెనక్కి తిప్పి చివరి పేజీ ఉందో లేదో చూసుకున్నాను.