తిరుపతి కొండలు వేయడానికి వాటర్‌కలర్ కిట్: డబ్బులు దేని మీద పెట్టాలి? | రివ్యూ

నమస్తే అండి. టేబుల్ మీద ఉన్న సామానంతా చూసి కంగారు పడకండి, ఇందులో సగం మీరు కొనక్కర్లేదు. తిరుపతి చుట్టుపక్కల కొండలు, కోట, మామిడి తోటలు అక్కడికక్కడే కూర్చుని వాటర్‌కలర్‌లో వేద్దామనుకునే వాళ్లకి ఏది పనికొస్తుంది, ఏది దండగ అని చెప్పడానికే ఈ వీడియో. నేను ఆర్టిస్ట్‌ని కాదు, నా ఉద్యోగం వేరే. ఆదివారం పొద్దున దొరికే కాస్త టైంలో వేసుకునేవాణ్ణి. ఈ రివ్యూ కూడా ఆ లెక్కలోనే చూడండి.

అసలు మాట ముందే చెప్పేస్తా. మీరు పెట్టే డబ్బులో సగం కంటే ఎక్కువ పేపర్‌కే పెట్టండి. మిగతా దాంట్లో రంగులు, బ్రష్షు సర్దుకోవచ్చు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఇరవై నాలుగు రంగుల పెట్టె కొని, పిల్లల డ్రాయింగ్ బుక్కులో వేస్తారు. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని వేస్తే అది ఎలాగో నడిచిపోతుంది. మన ఎండలో నడవదు.

ఎందుకు నడవదో చూపిస్తాను. ఇవిగో రెండు షీట్లు. ఎడమ చేతి వైపుది మామూలు డ్రాయింగ్ పేపర్, 150 జీఎస్ఎం. కుడి వైపుది 300 జీఎస్ఎం, వంద శాతం కాటన్, కోల్డ్ ప్రెస్డ్, అంటే పైన కాస్త గరుకుగా ఉండేది. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటర్ కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. రెండింటి మీదా ఒకే రోజు, ఒకే చోట ఆకాశం వేశాను. జూ పార్క్ రోడ్డు పక్కన చెట్టు నీడలో, ఏప్రిల్ నెలలో, పొద్దున పది దాటాక. రంగు అదే, బ్రష్షు అదే.

ఎడమ వైపుది దగ్గరగా చూడండి. పైనుంచి నీలం దించుకుంటూ వస్తున్నాను కదా, సగం దాకా వచ్చేసరికి పై భాగం ఆరిపోయింది. ఇక్కడ కొండ శిఖరం మీద అడ్డంగా గీత పడింది చూశారా, అది మేఘం కాదు, తడి అంచు ఆరిపోయిన చోటు. దాన్ని సరిచేద్దామని మళ్లీ తడి బ్రష్షు తగిలిస్తే నీళ్లు పాకి, అంచు కాలీఫ్లవర్ పువ్వులా విచ్చుకుంది. ఇంకో సంగతి, కాగితం ఉబ్బి మధ్యలో గుంటలు పడ్డాయి. రంగు నీళ్లన్నీ ఆ గుంటల్లోకి చేరి ముదురు మచ్చలయ్యాయి. రెండోసారి బ్రష్షు రుద్దిన చోట నూగు కూడా లేచింది, వేలితో తడిమితే తెలుస్తుంది.

ఇప్పుడు కుడి వైపుది. కాటన్ పేపర్ నీళ్లను లోపలికి పీల్చుకుని నిదానంగా వదులుతుంది. అంటే మీకు ఇంకో నిమిషం, రెండు నిమిషాలు టైం దొరుకుతుంది. బయట వేసేవాడికి కావలసింది ఆ రెండు నిమిషాలే. పైన ముదురు నీలం, కొండ దగ్గరికి వచ్చేసరికి పలుచన, ఎక్కడా గీత లేదు. ఆరాక కూడా తడి బ్రష్షుతో రుద్ది ఇక్కడ కొంచెం రంగు లేపాను, పేపర్‌కి ఏమీ కాలేదు.

కొనేటప్పుడు ఒక్కటి గమనించండి. అట్ట మీద ‘కాటన్’ అని పెద్ద అక్షరాలు ఉంటాయి, వెనక్కి తిప్పితే చిన్న అక్షరాల్లో 25 శాతం అని ఉంటుంది. ప్రాక్టీసుకి అది పర్వాలేదు, డ్రాయింగ్ పేపర్ కంటే చాలా నయం. కానీ రేటు మాత్రం వంద శాతం కాటన్‌ది ఇవ్వకండి. ఇంకా చవగ్గా కావాలంటే ప్యాడ్ కొనకుండా ఫుల్ షీట్లు తీసుకోండి. ఫుల్ షీట్ అంటే 22 అంగుళాలు, 30 అంగుళాలు. దాన్ని కోస్తే ఏడున్నర బై పదకొండు సైజులో ఎనిమిది ముక్కలు వస్తాయి. పరీక్ష ప్యాడ్‌కి నాలుగు వైపులా టేపు వేసి అంటించుకుంటే మీ బోర్డు రెడీ. ఖరీదైన బోర్డులేవీ అక్కర్లేదు.

‘పేపర్‌కి ఇంత సీనా?’ అంటారేమో. మన శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లను చూడండి. కలం పట్టుకునే ముందు బట్ట పని ఉంటుంది. నూలు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన దాంట్లో నానబెట్టి ఎండబెడతారు. పాలల్లో ఉండే కొవ్వు వల్ల గీసిన గీత బట్ట మీద పాకదు. ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే కసిమి అనే ద్రవం ఆ కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లగా తేలుతుంది. మంచి వాటర్‌కలర్ పేపర్‌లో సైజింగ్ అని ఒకటి ఉంటుంది, జెలటిన్ లాంటిది పట్టిస్తారు. రంగు గబుక్కున లోపలికి ఇంకిపోకుండా ఆపడమే దాని పని. రంగు కంటే ముందు బట్ట సంగతి చూడాలని మన పక్క ఊళ్లోనే ఎప్పటి నుంచో తెలుసు. మనమే పెట్టె మీద బొమ్మ చూసి రంగులు కొంటాం.

సరే, రంగులు. ఆరు చాలు. అల్ట్రామరీన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా అంటే ఇటుక లాంటి గోధుమ రంగు, ఎల్లో ఓకర్ అంటే మట్టి పసుపు, లెమన్ ఎల్లో, ఒక ఎరుపు, ఇంకా థాలో బ్లూ. క్యామెల్ ఆర్టిస్ట్ ట్యూబులైనా సరే, కోట్‌మన్ అయినా సరే, ఈ ఆరూ విడిగా దొరికితే విడిగానే తీసుకోండి. సెట్‌లో వచ్చే తెలుపు, నలుపు ట్యూబులు నా దగ్గర మూత తీయకుండానే పడి ఉన్నాయి. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ కోడ్, అంటే లోపల ఏ రంగు పదార్థం ఉందో చెప్పే గుర్తు, ఉంటుంది. అల్ట్రామరీన్ అయితే పీబీ29. ట్యూబు మీద ఒక్క కోడ్ మాత్రమే ఉన్న రంగులు కలిపితే శుభ్రంగా వస్తాయి. మూడు నాలుగు కోడ్‌లు ఉన్నవి ఇంకోదాంతో కలిపితే బురద అవుతుంది. ఎరుపు కొనేటప్పుడు పీఆర్83 అని ఉంటే వదిలేయండి, అది వెలుగుకి వెలిసిపోయే రంగు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెడితే ఎరుపు పోయి మిగతాది మిగులుతుంది.

ఆకుపచ్చ ఎందుకు చెప్పలేదంటారా? ట్యూబులో వచ్చే ఆకుపచ్చ తిన్నగా వేస్తే శేషాచలం కాస్తా ఊటీ అయిపోతుంది. మన కొండల పచ్చదనం వేరు. ముళ్ల పొదలు, ఎండిన గడ్డి, దుమ్ము పట్టిన ఆకులు. అల్ట్రామరీన్‌లో ఎల్లో ఓకర్ కలిపి, చివర్లో రవ్వంత బర్న్ట్ సియెన్నా తగిలించండి, సరిగ్గా ఆ పచ్చ వస్తుంది. నవంబర్ వానల తర్వాత మాత్రం ఓకర్ బదులు లెమన్ ఎల్లో వాడండి. చిత్తూరు వైపు మామిడి తోటలు వేసేవాళ్లకి ఇంకో మాట. లేత చిగురు ఆకుపచ్చగా ఉండదు, రాగి రంగులో ఉంటుంది. అక్కడ పలుచగా బర్న్ట్ సియెన్నా, అంతే.

ఇక రాయి. ఊళ్లో నుంచి కొండ చూస్తే కింద సగం వాలుగా, చెట్లు పొదలతో ఉంటుంది. పై సగం గోడలా నిటారుగా లేస్తుంది. ఇది మన చూపు భ్రమ కాదు. కింద ఉన్నది పాత గ్రానైట్, పైన ఉన్నది పొరలు పొరలుగా పేరిన క్వార్ట్జైట్. ఈ రెండూ కలిసే చోటుని జియాలజీ వాళ్లు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, ఘాట్ రోడ్డులో కనిపిస్తుంది, జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు కూడా. బొమ్మ వేసేవాడికి దీంతో పనేంటంటే, పెన్సిల్‌తో ముందు ఆ రెండూ కలిసే గీత పెట్టుకోవాలి. దాని కింద ఏటవాలు గీతలు, పైన అడ్డ పొరలు, వాటిని చీల్చే నిలువు పగుళ్లు. అది పెట్టకుండా మొదలుపెడితే ఏ ఊరి కొండో అవుతుంది. రాతికి ఓకర్‌లో కొద్దిగా సియెన్నా పలుచగా వేసి, ఆరాక పగుళ్లకి అల్ట్రామరీన్, సియెన్నా కలిపిన బూడిద రంగు. అల్ట్రామరీన్ రేణువులు పేపర్ గుంతల్లోకి దిగి గరుకు తేలుతుంది, కెమెరా దగ్గరికి తెస్తాను, ఇదిగో. రాయిని మీరు వేయక్కర్లేదు, సగం పని పేపరే చేస్తుంది. డ్రాయింగ్ పేపర్ మీద ఈ గరుకు రాదు.

బ్రష్షులు త్వరగా చెప్పేస్తా. సింథటిక్ రౌండ్, ఎనిమిదో నంబరో పదో నంబరో, మొన తేలేది ఒక్కటి చాలు. తడిపి విదిలించినప్పుడు మొన రాకపోతే షాపులోనే వదిలేయండి. ఈ వాటర్ బ్రష్షు, అంటే పిడిలోనే నీళ్లు నింపుకునేది, నిలబడి చిన్న స్కెచ్ వేయడానికి బాగుంటుంది. ఆకాశం లాంటి పెద్ద వాష్‌కి, అంటే పలుచటి రంగు వెడల్పుగా పరచడానికి మాత్రం పనికిరాదు, నొక్కితే ఒకేసారి నీళ్లు కారతాయి, నొక్కకపోతే ఎండిపోతుంది.

మడత స్టూలు కొనండి, మోకాళ్లు బాగున్నా సరే. గొడుగు తప్పదు. కానీ రంగు గొడుగు వద్దు. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే పేపర్ మీద ఎరుపు పడుతుంది, మీరు కలిపే ప్రతి రంగూ తప్పుతుంది. మామూలు నల్ల గొడుగే మంచిది. ఇదిగో, బొమ్మ ఆనించుకునే ఈ మూడు కాళ్ల స్టాండు, ఈజిల్‌కి నా మార్కులు తక్కువే. ఒకటి, కొండ గాలికి పడిపోతుంది. రెండోది, చంద్రగిరి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి కావాలి. ఈజిల్ కూడా చూడ్డానికి ట్రైపాడ్ లాగే ఉంటుంది, గేటు దగ్గర ఎవరికీ వివరించే ఓపిక ఉండదు. ఒళ్లో ప్యాడ్ పెట్టుకుంటే ఏ గొడవా లేదు.

టైం గురించి చాలామంది ‘పొద్దున్నే వెళ్లండి’ అని వదిలేస్తారు. మన ఊరికి కొండ ఉత్తరాన ఉంది. అంటే కొండని చూస్తూ కూర్చుంటే పొద్దున వెలుగు మీ కుడి వైపు నుంచి, సాయంత్రం ఎడమ వైపు నుంచి వస్తుంది. పక్క నుంచి పడే ఆ వెలుగులోనే పగుళ్లు, పొరలు తేలతాయి. డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు మీ వీపు వెనకాల ఉంటాడు, కొండంతా ఒకే వెలుగులో చదునుగా కనిపిస్తుంది. మే, జూన్‌లలో తమాషా. మనం ఉన్నది 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో కాబట్టి ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. అప్పుడు ఊరి వైపున్న ఆ రాతి గోడ నీడలో పడుతుంది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ఎండలో కూర్చుని వేయమని మాత్రం నేను చెప్పను. ఫొటో తీసుకుని ఇంటికి రండి.

ఎక్కడ కూర్చోవాలి? మొదటిసారి వెళ్లేవాళ్లకి నా ఓటు చంద్రగిరి కోటకే. రాజ మహల్ మూడంతస్తులు, కమానులు వరసగా ఉంటాయి, వెనకాల రాతి కొండ. కట్టడం ఇటుక, రాయి, సున్నంతోనే, కలప వాడలేదు. గోడలు మందం, అందుకే కమాను లోపల నీడ చాలా లోతుగా పడుతుంది. ఆ నీడల్ని ముందు వేసేస్తే మహల్ దానంతటదే నిలబడుతుంది, కిటికీలు లెక్కపెడుతూ కూర్చోకండి. రాజ మహల్‌లో ఉన్న మ్యూజియంకి శుక్రవారం సెలవు, చూసుకుని బయల్దేరండి. కపిల తీర్థం జలపాతం వానలు పడ్డాకే ధారగా దిగుతుంది. గుడి లోపల మాత్రం రంగులు తీయకండి, బయట నుంచి వేసుకోండి. తలకోనలో జలపాతం 270 అడుగులు, నీటి తుంపరకి పేపర్ అసలు ఆరదు, పైగా కోతులు. అక్కడికి పెన్సిలు, చిన్న పుస్తకం చాలు. తిరుమల మీద శిలాతోరణం కూడా అంతే, చుట్టూ జనం, పెన్సిల్ స్కెచ్ వేసుకుని రంగు ఇంట్లో వేసుకోవచ్చు. ఎక్కడైనా సరే, వ్యూ బాగుందని దారి వదిలి అడవిలోకి దూరకండి. ఎర్రచందనం ఉన్న అడవి, అనుమతి లేకుండా సంచీ భుజాన వేసుకుని లోపల కనిపిస్తే ఆ సంచీలో ఏముందని అడిగేవాళ్లు ఉంటారు.

జనం చుట్టూ చేరతారని టెన్షన్ పడేవాళ్లు చాలామంది ఉన్నారు. చేరతారు, దానికి మందు లేదు. ‘ఏం నా, ఏం గీస్తా ఉండావు?’ అని ఒకరు మొదలుపెడతారు. ‘ఫోన్లో పట్టుకోకూడదా?’ అని ఇంకొకరు. ఒక పెద్దావిడ నా వెనక చాలాసేపు నిలబడి, ‘కొండ బాగుంది గానీ సామి గోపురం యాడ పెట్నావు?’ అంది. గోపురం ఇక్కడికి కనబడదమ్మా అంటే, ‘కనబడకపోతే ఏం, నువ్వు పెట్టు’ అని వెళ్లిపోయింది. గోడకి వీపు ఆనించి కూర్చోండి, వెనక నుంచి తొంగిచూసేవాళ్లు సగం తగ్గుతారు.

ఆఖరుగా, ట్యాబ్‌లో వేసుకోవచ్చా అని అడిగేవాళ్లకి: ఇంట్లో భేషుగ్గా వేసుకోవచ్చు. బయట మన ఎండలో స్క్రీన్ మీద మీ ముఖమే కనిపిస్తుంది, కాసేపటికి వేడెక్కి వెలుతురు తగ్గించేసుకుంటుంది. ఆ డబ్బుతో ఎన్ని ఫుల్ షీట్లు వస్తాయో లెక్క మీరే వేసుకోండి. ఉంటాను మరి.