కార్క్ గ్రిప్‌కి సీలర్ వేయాలా? యూ-40 కార్క్ సీల్, ట్రూ-ఆయిల్, ఏమీ వేయని కార్క్

నమస్తే అండి. బల్ల మీద ఉన్న ఈ కార్క్ గ్రిప్, అంటే ఫిషింగ్ రాడ్ చేతిపిడి, ఏ రాడ్‌కీ ఎక్కించింది కాదు. టెస్ట్ కోసమే లేత్ మీద తిప్పాను. టేపు వేసి మూడు భాగాలు చేశాను. ఎడమ పక్కన ఏమీ వేయలేదు, ఉత్త కార్క్. మధ్యలో యూ-40 కార్క్ సీల్. కుడి పక్కన బర్చ్‌వుడ్ కేసీ వాళ్ల ట్రూ-ఆయిల్. సొంతంగా ఫిషింగ్ రాడ్ కట్టుకునే వాళ్లు ఎక్కువగా అడిగేది "అన్నా, గ్రిప్‌కి ఏ ఫినిష్ వేయాలి?" అని. నా మాట ముందే చెప్పేస్తాను. సీసాలో ఉన్నది ఏదైనా చివరి పావు వంతు పనే చేస్తుంది. మిగతాదంతా దానికి ముందు గుంటలు పూడ్చడంలో, సాండింగ్‌లో ఉంది. అందుకే ఫినిష్‌ల దగ్గరికి కాస్త ఆలస్యంగా వెళ్తాం.

ముందు ఈ గుంటల సంగతి. చాలామంది వీటిని పురుగు తిన్న చోట్లు అనుకుంటారు. కాదు. కార్క్ అంటే ఓక్ జాతి చెట్టు బెరడు, ఆ బెరడు గాలి పీల్చుకునే దారులు ఇవి. ప్రపంచంలో వచ్చే కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్‌దే. చెట్టుకి సుమారు పాతికేళ్లు వస్తేగానీ మొదటిసారి బెరడు తీయరు. ఆ తర్వాత కనీసం 9 ఏళ్లు ఆగాలి, అక్కడి చట్టం అంతే. ఏ ఏడాది తీశారో గుర్తుండటానికి ఆ సంవత్సరం చివరి అంకె చెట్టు మీదే పెయింట్‌తో రాస్తారు. ఇంతా చేసి మంచి బెరడు ముందు వైన్ సీసాల బిరడాలకి పోతుంది. గ్రిప్ అంటే వరసగా అతికించిన కార్క్ రింగులే. మన దాకా వచ్చే మంచి రింగులకి అంత ధర ఎందుకో అర్థమైంది కదా. ఇక గ్రేడ్ పేర్లంటారా, వాటిని పెద్దగా నమ్మకండి. ఒక షాపులో సూపర్ గ్రేడ్ అన్నది ఇంకో షాపులో మామూలు సరుకు. ఫొటో చూసి కొనండి.

కార్క్ స్వతహాగా నీళ్లు పెద్దగా పీల్చదు. దాని కణాల్లో నిండా గాలే, గోడల్లో సూబెరిన్ అనే మైనం లాంటి పదార్థం ఉంటుంది. మరి సీలర్ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, గుంటల్లో పూడ్చిన ఫిల్లర్ ఊడిపోకుండా. రెండు, చేతి జిడ్డు, సన్‌స్క్రీన్, చేప ఒంటి జిగట లోపలికి దిగకుండా. నీళ్ల కోసమే సీలర్ అనుకునేవాళ్లు కోటు మీద కోటు వేసి, చివరికి చేతిలో ప్లాస్టిక్ పైపు పట్టుకున్నట్టు చేసుకుంటారు.

సరే, ఫిల్లర్. కొనక్కర్లేదు. ఇదే గ్రిప్‌ని సాండింగ్ చేసినప్పుడు రాలిన పొడి దాచుకోండి. 80 నంబరు సాండ్ పేపర్‌కి రాలేది మరీ ముతక, దాన్ని పారేయండి. 120 దాటాక వచ్చే మెత్తటి పొడి కావాలి. అందులో టైట్‌బాండ్ 3 అనే చెక్క జిగురు కలపండి. టైట్‌బాండ్ 2 కూడా పనికొస్తుంది కానీ 3 నీటికి ఇంకా బాగా తట్టుకుంటుంది, పైగా ఆరాక లేత గోధుమ రంగులోకి వచ్చి కార్క్‌లో కలిసిపోతుంది. ముద్ద చాకు మొన మీద జారకుండా నిలబడాలి. జిగురు ఎక్కువైతే ఆరాక నల్లటి మచ్చలా కనిపిస్తుంది. పూడ్చేముందు గుంటల్లో దుమ్ము మిగలకుండా వాక్యూమ్‌తో లాగేయండి. ముద్దని వేలితో గట్టిగా అదిమి, పైకి కొంచెం ఉబ్బెత్తుగా వదలండి. ఆరేటప్పుడు లోపలికి కుంగుతుంది. ఒక రాత్రి ఆగండి.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తాను, ఇక్కడ చూడండి. లైటు పక్కనుంచి పడుతుంటే గ్రిప్ మీద సన్నటి గట్లు కనిపిస్తున్నాయా? సరిగ్గా అరంగుళానికి ఒకటి. అవి రింగుల అతుకులు. ఎపాక్సీ జిగురు కార్క్ కన్నా చాలా గట్టిది. వేళ్లతో పేపర్ నొక్కి రుద్దితే మెత్తటి కార్క్ అరిగిపోతుంది, జిగురు గీత అలాగే లేచి నిలబడుతుంది. ఫిల్లర్‌దీ అదే కథ, గుంట ఉన్న చోట బొడిపె తేలుతుంది. కంటికి ఆనకపోయినా రోజంతా పట్టుకుంటే అరచేతికి తెలుస్తుంది. అందుకే పేపర్ వెనక చెక్క ముక్కో, గట్టి రబ్బరో పెట్టండి. పేపర్ కొత్తది వాడండి. అరిగిపోయిన సాండ్ పేపర్ కోయదు, కార్క్‌ని నొక్కుతుందంతే. లేత్ మీదైతే చెయ్యి ఒకే చోట ఆపకండి. 220తో మొదలుపెట్టి 320తో ముగిస్తే నాకు సరిపోతుంది. 600 దాకా వెళ్లి నున్నగా చేసేవాళ్లున్నారు, చూడటానికి అందంగానే ఉంటుంది, తడి చేతికి మాత్రం పట్టు తగ్గుతుంది.

ఇక సీసాలు. రీల్ సీట్‌కి (రీల్ బిగించే చోటు), బ్లాంక్‌కి (రాడ్ అసలు కర్ర) టేపు చుట్టండి. గ్రిప్‌ని డీనేచర్డ్ ఆల్కహాల్‌తో (తాగడానికి పనికిరాని స్పిరిట్) తుడిచి ఆరనివ్వండి.

యూ-40 కార్క్ సీల్ రాడ్ గ్రిప్‌ల కోసమే చేసింది. పల్చగా పూస్తే లోపలికి ఇంకుతుంది. మధ్య భాగం చూడండి, మెరుపు లేదు, రంగు ఉత్త కార్క్ కన్నా ఒక్క పిసరు ముదిరిందంతే. వేలు పెడితే ఇంకా కార్క్‌లానే తగులుతోంది. నాకు నచ్చింది ఇదే. రెండు పల్చటి కోట్లు చాలు, మూడోది వేయాలనిపించినా ఆపుకోండి.

ట్రూ-ఆయిల్ అసలు తుపాకీల చెక్క భాగాలకి వేసే ఫినిష్. అందులో అవిసె నూనె ఉంటుంది, అందుకే కార్క్‌ని తేనె రంగులోకి తెస్తుంది. కుడి భాగం చూడండి, నిజంగా అందంగా ఉంది. ఎవరికైనా కానుకగా ఇచ్చే రాడ్ అయితే నేను ఇదే వేస్తాను. కానీ కోట్లు పెరిగేకొద్దీ పైన పొర కట్టి జారుడు వస్తుంది. వేలితో చుక్క చుక్కగా రుద్దండి, బ్రష్ వద్దు. కోటుకీ కోటుకీ మధ్య స్టీల్ ఊల్ (సన్నటి ఉక్కు పీచు) కూడా వద్దు, దాని ముక్కలు కార్క్‌లో ఇరుక్కుని తుప్పు మచ్చలు పడతాయి. బూడిద రంగు స్కాచ్ బ్రైట్ వాడండి. ఇంకో మాట, ఇది సీరియస్: ఈ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. బయట విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి పారేయండి.

ఇప్పుడు మూడింటి మీదా నీటి చుక్కలు. కుడివైపు, మధ్యలో చుక్క గుండ్రంగా నిలబడింది. ఎడమవైపు కూడా నిలబడింది చూశారా? కానీ కాసేపాగి తుడిస్తే ఫిల్లర్ ఉన్న చోట అంచు నల్లబడింది. సీలర్ పని ఉన్నది అక్కడే. కాబట్టి గుంటలు దాదాపు లేని రింగులు కొనగలిగితే, పూడ్చడానికేమీ లేకపోతే, అలాగే వదిలేయండి. నేనుండేది సియాటెల్ పక్కన. ఇక్కడ చలికాలం స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ చేప వేటంటే రోజంతా వానే. ఆ చలిలో తడిసిన ఉత్త కార్క్ ఇచ్చే పట్టు, వెచ్చదనం ఏ పూతా ఇవ్వదు. రాడ్‌కి గైడ్లు (లైన్ దూరే వలయాలు) కట్టే దారం చుట్లకి వాడే ఎపాక్సీని గ్రిప్ మీద కూడా పూసేవాళ్లని చూస్తుంటాను. మరి కార్క్ ఎందుకు కొన్నట్టు?

ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట. అక్కడ ఈ సీసాలు దొరకకపోతే నీటితో చేసిన మ్యాట్ (మెరుపు లేని) పాలీయూరిథేన్ వార్నిష్ పల్చగా వేసుకోండి. ఫిల్లర్‌కి ఫెవికాల్ మెరైన్ లాంటి నీటికి తట్టుకునే రకం తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల పచ్చి అవిసె నూనె జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ తేమలో త్వరగా ఆరదు, పైగా బూజు పడుతుంది.

కొన్న రాడ్‌లకి గ్రిప్ మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ వస్తుంది కదా, దాన్ని మొదటి రోజే తీసేయండి. కొత్త కారు సీట్ల కవర్లు ఏళ్ల తరబడి ఉంచుకునే జాతి మనది, తెలుసు. కానీ దాని కింద చేరిన నీళ్లు ఆరక కార్క్ నల్లబడుతుంది.

ఇప్పటికే నల్లబడిన పాత గ్రిప్ అయితే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్. పోకపోతే మెలమైన్ స్పాంజ్‌తో (మరకలు రుద్ది తీసే తెల్లటి స్పాంజ్) తేలిగ్గా రుద్దండి, గట్టిగా రుద్దితే ఫిల్లర్ లేచొస్తుంది. పూర్తిగా ఆరాక ఊడిన గుంటలు మళ్లీ పూడ్చి, 320తో ఒకసారి తిప్పి, అప్పుడు సీలర్. ఎప్పుడో సిలికాన్ పాలిష్ కొట్టి ఉంటే సీలర్ అంటుకోదు, విడివిడి చుక్కలుగా చెదిరిపోతుంది. అందుకని ముందు గ్రిప్ అడుగున కనపడని చోట కొంచెం పూసి చూడండి. చెదిరితే ఆల్కహాల్‌తో తుడిచి, పై పొర ఇంకాస్త సాండింగ్ చేసి, మళ్లీ అదే చోట ప్రయత్నించండి.