తొడ విరిగిన తర్వాత

శ్రోతలకు నమస్కారం.

పగ మీద నాటకం రాయడం తేలికే అనిపిస్తుంది. ఒకడు అన్యాయం చేస్తాడు, ఇంకొకడు పళ్లు నూరుకుంటూ కాచుకుని ఉంటాడు, ఆఖరి రంగంలో లెక్క తేల్చేస్తాడు. జనం ఈలలు వేసి ఇళ్లకు పోతారు. సినిమాకు ఇంత చాలు. పాత నాటకకర్తలకు మాత్రం చాలలేదు. పగ తీరాక ఆ తీర్చుకున్నవాడి మొహం ఎలా ఉంటుందో కూడా వాళ్లు చూపించాలనుకున్నారు.

1600 ప్రాంతంలో షేక్స్పియర్ రాసిన హామ్లెట్‌నే తీసుకోండి. తండ్రిని చంపిన బాబాయి మీద పగ తీర్చుకోవాలి. ఆ టెన్షన్‌లో, తెర చాటున ఉన్నది బాబాయే అనుకుని కత్తి దూస్తాడు. చచ్చింది పొలోనియస్ అనే ముసలాయన. ఇక పొలోనియస్ కొడుకు లేయర్టీస్ హామ్లెట్ కోసం కత్తి నూరతాడు. అతని బాధలో తన బాధే కనిపిస్తోందని హామ్లెట్ స్వయంగా అంటాడు. అంటాడే గాని, అప్పటికే చేయి దాటిపోయింది.

గ్రీకుల దగ్గర కథ ఇంకా చిక్కుముడి. కూతుర్ని బలిచ్చాడని భర్తను చంపిన తల్లి, తండ్రిని చంపిందని ఆ తల్లిని చంపిన కొడుకు. క్రీ.పూ. 458లో ఏస్కిలస్ ఈ కథను మూడు నాటకాలుగా ఆడించాడు. చంపుళ్లు ఆగే దారి లేక ఏథెన్సులో న్యాయస్థానం పెట్టి ఓట్లు వేయించాడు. ఓట్లు సమానమైతే ఎథీనా దేవత కొడుకు పక్షాన నిలబడింది.

మన సంగతికి వద్దాం. ఎండాకాలం వస్తే చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చాలా ఊళ్లలో 18 రోజులు. ముగింపులో దుర్యోధన వధ. మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. మనుషులు ఎక్కి తిరిగేంత పెద్దది. రంగులు వేసి, మీసం దిద్ది, కిరీటం పెడతారు. తొడ దగ్గర ఎర్రనీళ్లు దాస్తారు. వేషగాళ్లిద్దరూ గదలు పట్టుకుని దాని చుట్టూ, దాని మీద తరుముకుంటారు. దెబ్బ పడి ఎరుపు కారగానే ద్రౌపది జుట్టు ముడి వేస్తారు. సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. అంత పండగ చేసి చంపే ఆ దుర్యోధనుడి వేషం మామూలు నటుడికి ఇవ్వరు. గొంతు, ఠీవి ఉన్నవాడే ఆ కిరీటం పెట్టుకోవాలి. బడి వార్షికోత్సవాల్లో కూడా చూడండి, పిల్లలు వేసేది మయసభ దుర్యోధనుడి ఏకపాత్రాభినయమే. ధర్మరాజు ఏకపాత్ర నేనైతే ఎక్కడా చూడలేదు.

జుట్టు ముడి కథనే భట్టనారాయణుడు వేణీసంహారం పేరుతో ఆరంకాల సంస్కృత నాటకంగా రాశాడు. అందులో ఆరో అంకం ఉంది చూశారూ, అది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. చార్వాకుడనే రాక్షసుడు ముని వేషంలో వచ్చి, గదాయుద్ధంలో భీముడు పోయాడని ధర్మరాజుకు అబద్ధం చెబుతాడు. ధర్మరాజు, ద్రౌపది చితిలో దూకడానికి సిద్ధమవుతారు. ఇంతలో ఒళ్లంతా నెత్తురుతో ఒక భీకరాకారం ద్రౌపది కోసం వెతుక్కుంటూ వస్తుంది. సుయోధనుడే వచ్చాడనుకుని ధర్మరాజు దాన్ని ఒడిసి పట్టుకుంటాడు. తీరా చూస్తే భీముడు. ప్రతిజ్ఞ నెరవేర్చి వచ్చిన తమ్ముణ్ణి సొంత అన్న శత్రువనుకున్నాడు! నాటకం మంగళంగానే ముగుస్తుంది, జుట్టు ముడి పడుతుంది. కానీ నాకు మాత్రం ఆ ఒక్క క్షణమే నాటకమంతా అనిపిస్తుంది.

పాత సంస్కృత నాటకకర్త భాసుడిదని చెప్పే ఊరుభంగం, అంటే తొడ విరగడం, అయితే అక్కడితో ఆగదు. త్రివేండ్రంలో గణపతిశాస్త్రి 1912 నుంచి అచ్చువేసిన పదమూడు నాటకాల్లో ఇదొకటి. ఇందులో నాయకుడే దుర్యోధనుడు. విరిగిన తొడలతో నేల మీద పాక్కుంటూ వస్తాడు. గుడ్డి తండ్రి, కళ్లకు గంతలు కట్టుకున్న తల్లి కొడుకు కోసం తడుముకుంటూ వస్తారు. చిన్న కొడుకు దుర్జయుడు అలవాటుగా ఒళ్లో కూర్చోబోతాడు. వద్దంటాడు తండ్రి. ఎందుకని అడుగుతాడు పిల్లవాడు. ఆ పసివాడికి ఏం చెబుతాడు? చావుబతుకుల మీద ఉండి, నన్ను సేవించినట్టే పాండవులను సేవించమని కొడుక్కి బుద్ధి చెబుతాడు. వచ్చే జన్మలోనూ నువ్వే నా తల్లివి కావాలని గాంధారిని వేడుకుంటాడు. భీముడి మీద మండిపడుతున్న బలరాముణ్ణి శాంతింపజేస్తాడు. నాయకుడు రంగం మీద చనిపోకూడదన్న నాట్యశాస్త్ర నియమాన్ని పక్కన పెట్టి, కవి అతన్ని మన కళ్లెదుటే చనిపోనిస్తాడు.

విషాద నాయకుడు పూర్తిగా మంచివాడూ కాకూడదు, పూర్తిగా దుర్మార్గుడూ కాకూడదని అరిస్టాటిల్ అన్నాడు. సభలో తొడ చూపించిన మనిషి అదే తొడ విరిగి, కొడుకును ఒళ్లోకి తీసుకోలేకపోవడం కంటే ఆ మాటకు సరిపోయే ఉదాహరణ నాకు తట్టదు. పగ వదిలేయమని అతను చెప్పినా అశ్వత్థామ వినడు. నిద్రపోతున్నవాళ్లను చంపడానికి ఆయుధం పట్టుకుని బయలుదేరతాడు.

ఊరుభంగం ఏకాంకిక, పెద్దగా సెట్టింగులు అక్కర్లేదు. మన వీధినాటక బృందాల వాళ్లు ఎవరైనా వింటుంటే ఒక మనవి. భారతంలో వధ జరిగిన రాత్రే, ఆ మట్టి దుర్యోధనుడి పక్కనే, దీన్ని తెలుగు చేసి ఆడి చూడండి. దుర్జయుడి వేషానికి మీ ఊళ్లో పిల్లలకు కొదవ ఉండదు. నమస్కారం.