దీవి వెతుక్కుంటూ వెళ్లిన జాన్

అందరికీ వందనాలు.

బన్యన్ రాసిన 'యాత్రికుని ప్రయాణం' మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ దారిలోనే వచ్చిన ఇంకో రూపక కథ గురించి ఈ సాయంత్రం చెబుతాను. ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ రాసిన 'ద పిల్‌గ్రిమ్స్ రిగ్రెస్', అంటే యాత్రికుని తిరుగు ప్రయాణం. ఆయన క్రీస్తును నమ్మింది 1931లో. మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్‌లో స్నేహితుడి ఇంట రెండు వారాల్లో ఈ కథ రాసేశారు. 1933లో అచ్చయింది.

జాన్ అనే పిల్లవాడికి భూస్వామి అంటే హడల్. ఆ భూస్వామి దేవుడికి గుర్తు. ఆయన దివాను ముసుగు తగిలించుకుని కట్టుబాట్ల పట్టీ చేతికిస్తాడు. అందులో వద్దన్నవాటిలో సగం జాన్ ఎన్నడూ వినని పనులు, మిగతా సగం రోజూ చేసేవి! తప్పితే పాములూ తేళ్లూ ఉన్న చీకటి గొయ్యి. అలాంటి పిల్లవాడికి ఒకనాడు గోడలోని కిటికీలోంచి దూరాన ఒక దీవి కనిపిస్తుంది. ఆ దీవి కోసమే ఇల్లు విడిచిపోతాడు.

దారిలో యుగధర్మం అనే రాక్షసుడి చెరలో పడతాడు. వాడి చూపు పడ్డ మనిషికి ముఖం కనబడదు, పేగులూ ఊపిరితిత్తులూ కనిపిస్తాయి. ఒకరోజు కాపలావాడు పాలు తెచ్చి, ఇవీ ఆవు ఒంట్లోంచి వచ్చేవే, దాని ఒంట్లోంచి వచ్చే మిగతావాటికీ వీటికీ తేడా ఏముందంటాడు. జాన్‌కు చప్పున మెలకువ వచ్చినట్టవుతుంది. ఒళ్లు విసర్జించేదీ, ఆహారంగా దాచిపెట్టేదీ ఒకటెలా అవుతాయని నిలదీస్తాడు. పాడి ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని, ఇది చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. లేగదూడ పొదుగు కుడుస్తుంటే చూసినవాళ్లకు ఆ మాట ఎంత అబద్ధమో ఒకరు చెప్పాలా? విశ్వాసం ఆలోచనకు శత్రువని అనేవాళ్లకు ఈ ఘట్టం చదివి వినిపించాలనిపిస్తుంది. ఆ తర్వాత ఉక్కు కవచం తొడుక్కుని గుర్రం మీద వచ్చి, పొడుపుకథలు వేసి ఆ రాక్షసుణ్ణి చంపేది కూడా బుద్ధి అనే కన్యే.

మధ్యలో తత్వవేత్తల ఇళ్లు చాలా వస్తాయి, అక్కడ కథ నలుగుతుంది. అనవసరంగా జటిలం చేశానని 1943 ముద్రణ ముందుమాటలో లూయిసే ఒప్పుకున్నారు.

చివరికి ఆదాము పాపం అనే అగాధం అడ్డుపడుతుంది. క్రైస్తవ సంఘానికి గుర్తయిన సంఘమాత నీళ్లలో దూకమంటుంది. దూకడమంటే కొత్తగా ఏదో చేయడం కాదట, పట్టుకున్నది వదిలేయడమేనట. దూకి అవతలికి చేరాక తెలుస్తుంది: తాను వెతికిన దీవి తన ఊరి కొండల వెనక వైపే. వచ్చిన దారినే వెనక్కి నడిచి ఊరు చేరతాడు. ఇల్లు పాడుబడి ఉంటుంది. అమ్మా నాన్నా తనకంటే ముందే, మరణానికి గుర్తయిన ఏరు దాటి వెళ్లిపోయారు.