జోస్‌లో గొడవంతా ఒక సర్టిఫికెట్ దగ్గర

[స్క్రీన్: మసీదు ముందు రోడ్డు, వరసగా పరిచిన చాపలు]

2001 సెప్టెంబర్ 7, శుక్రవారం. నైజీరియాలో జోస్ అనే ఊరు. అందులో కాంగో రష్యా అని ఒక పేట. అవును, పేట పేరే అది. మసీదులో చోటు చాలక జనం రోడ్డు మీదే నమాజుకు కూర్చున్నారు. ఒక క్రైస్తవ యువతి ఆ దారిన దాటబోయింది. ఆగమన్నారు. మాటా మాటా పెరిగింది. కాసేపటికి ఊళ్లో పొగ లేచింది. ఆరు రోజుల్లో దాదాపు 1,000 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ అంచనా.

ఆ మధ్యలోనే న్యూయార్క్‌లో టవర్లు కూలాయి. ఇక జోస్ గురించి అడిగిన నాథుడు లేడు.

[స్క్రీన్: నైజీరియా మ్యాప్]

ఉత్తరాన ముస్లింలు ఎక్కువ, దక్షిణాన క్రైస్తవులు ఎక్కువ. సగం సగం అంటుంటారు. కచ్చితంగా ఎంత అంటే లెక్క లేదు, 1991లోనూ 2006లోనూ జనాభా లెక్కల్లో మతం అడగనేలేదు. అడిగితే అదో కొత్త గొడవ మరి! ఈ రెండూ కలిసే నడుమ ప్రాంతంలో, చల్లటి పీఠభూమి మీద ఉంది జోస్.

[స్క్రీన్: పాత తగరం గని]

అక్కడ తగరం దొరికింది. పెద్ద ఎత్తున తవ్వకాలు మొదలుపెట్టింది బ్రిటిష్ వాళ్లు. పనికీ వ్యాపారానికీ ఉత్తరాది నుంచి హౌసా జనం వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ముందు నుంచీ అక్కడున్న బెరోం, అఫిజెరే, అనగుటా తెగల్లో ఎక్కువమంది క్రైస్తవులు. హౌసాల మనవలు, మునిమనవలు జోస్‌లోనే పుట్టారు. అయినా ఇప్పటికీ వాళ్లను ‘సెట్లర్లు’ అనే అంటారు.

మాటతో పోతే బాధ లేదు. నైజీరియాలో ‘ఇండిజీన్’ సర్టిఫికెట్ అని ఒకటుంది. ఫలానావాడు ఈ నేల బిడ్డే అని రాసిచ్చే కాగితం. ప్రభుత్వ ఉద్యోగానికి, యూనివర్సిటీ సీటుకి, స్కాలర్‌షిప్పుకి అదే కావాలి. లోకల్, నాన్‌లోకల్ తగాదా మనకి కొత్త కాదు. కానీ మన దగ్గర ఇన్నేళ్లు ఇక్కడ చదివితే లోకల్ అయిపోతాం. అక్కడ చూసేది తాతముత్తాతల ఊరు. అది ఇంకెక్కడో అయితే, నువ్వు జోస్‌లోనే పుట్టి పెరిగినా లాభం లేదు.

ఆ కాగితం ఇచ్చేది స్థానిక ప్రభుత్వ ఆఫీసు. ఆ ఆఫీసు ఎవరి చేతిలో ఉంటే ‘మనవాడెవడు’ అన్నది వాళ్లే తేలుస్తారు. అందుకే జోస్‌లో పెద్ద గొడవల ముందు చూస్తే చాలాసార్లు ఒక కుర్చీ కనిపిస్తుంది. 1994లో ఒక హౌసా వ్యక్తికి ఇచ్చిన పదవి మీద అల్లర్లు. 2001లో మళ్లీ అలాంటి నియామకమే, ఆ రోడ్డు మీద వాదనకి కొన్ని వారాల ముందు. 2008లో స్థానిక ఎన్నికలు, కనీసం 700 మంది మృతి.

అలాగని మతం ఉత్త సాకు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 1999 తర్వాత ఉత్తరాదిలో 12 రాష్ట్రాలు షరియా చట్టాన్ని విస్తరించాయి. 2000లో కడునా నగరంలో దాని మీదే నరికి చంపుకున్నారు. అక్కణ్ణించి పారిపోయి జోస్ చేరినవాళ్లు ఆ భయాన్నీ వెంట తెచ్చుకున్నారు. 2001 తర్వాత ఊరు పేటలుగా చీలింది. అవతలి మతంవాళ్ల పేటకి వెళ్లాలంటే టెన్షన్. చాలామంది ఇళ్లమ్ముకుని తమవాళ్లున్న వైపు వెళ్లిపోయారు.

[స్క్రీన్: పల్లెలో చిన్న మసీదు]

జోస్ ఉన్న ప్లాటో రాష్ట్రంలోనే, బార్కిన్ లాడి ప్రాంతంలో ఒక పల్లె. 2018 జూన్‌లో సాయుధులు చుట్టుపక్కల క్రైస్తవ ఊళ్ల మీద పడ్డారు. దాడి చేసినవాళ్లు ముస్లిం పశువుల కాపరులని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. జనం పరుగెత్తుకొస్తుంటే ఎనభై దాటిన ఇమామ్ అబ్దుల్లాహి అబూబకర్ 262 మందిని తన ఇంట్లోనూ మసీదులోనూ దాచాడు. వెంటాడుతూ వచ్చినవాళ్లు లోపలివాళ్లను అప్పగించమన్నారు. ముసలాయన నేల మీద పడి ఏడుస్తూ బతిమాలాడు. వాళ్లు వెళ్లిపోయారు.

ఎందుకు కాపాడావని అడిగితే ఆయన పాత సంగతి చెప్పాడు. ఎన్నో ఏళ్ల కిందట ఆ మసీదు కట్టుకోవడానికి స్థలం ఇచ్చింది ఆ ఊరి క్రైస్తవులే. డబ్బులేమీ తీసుకోలేదు.