ఆ చర్చి వ్యాన్లను రోడ్డు మీద ఆపింది బెల్జియమే!

ఆ రోజు ఫుట్‌బాల్ మ్యాచ్‌లో బ్రెజిల్ గెలిచుంటే ఆ మిషనరీలు హాయిగా విమానం ఎక్కేవాళ్లు. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా.

2018 జులైలో కరీబియన్ దేశం హైతీలో ఇరుక్కుపోయిన అమెరికా చర్చి బృందాల గొడవ గురించే చెప్తున్నా. ఫ్లోరిడా, సౌత్ కరోలినా లాంటి చోట్ల నుంచి సేవ చేద్దామని వెళ్లినవాళ్లు. ఇంటికి బయల్దేరదామంటే రోడ్డుకడ్డంగా రాళ్లు, కాలుతున్న టైర్లు, ఫ్లైట్లు క్యాన్సిల్, ఉన్నచోటే ఉండమని ఎంబసీ మెసేజ్. అంతే, వార్తలన్నీ 'చిక్కుకుపోయిన అమెరికన్లు' దగ్గరే ఆగిపోయాయి. 'దేవుడి పనికి వెళ్తే అడ్డుకుంటారా, విశ్వాసం లేని జనం' అని మనవాళ్లు కూడా అందుకున్నారు. అయ్యా, ఆ టైర్లు వాళ్ల కోసం తగలబెట్టినవి కావు!

జులై 6, శుక్రవారం. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, బ్రెజిల్‌కీ బెల్జియానికీ మ్యాచ్. హైతీలో బ్రెజిల్ అంటే ప్రాణం, పెద్ద హీరో సినిమా రిలీజ్ రోజు మన సెంటర్లో ఉండే గోల గుర్తు తెచ్చుకోండి, అలా ఉంటుంది. ఊరంతా టీవీల ముందుంటే, ఆ టైములో ప్రభుత్వం చావు కబురు చల్లగా చెప్పింది. పెట్రోలు 38 శాతం, డీజిల్ 47 శాతం, కిరోసిన్ 51 శాతం పెంపు! ఇంధన సబ్సిడీలు తగ్గిస్తామని, దేశాలకి అప్పులిచ్చే ఐఎంఎఫ్‌కి మాటిచ్చారు, నిజమే. కానీ కిరోసిన్ మీద 51 శాతమా? కరెంటు లేని ఇళ్లలో దీపం దానితోనే వెలగాలి. డీజిల్ పెరిగిందంటే ట్యాప్‌ట్యాప్ చార్జీ పెరిగినట్టే. ట్యాప్‌ట్యాప్ అంటే మన షేర్ ఆటో లాంటిదే, పికప్ బండికి రంగురంగుల బొమ్మలేసి తిప్పుతారు, దిగాలంటే బాడీ మీద టకటకా తట్టాలి, భలే ఉంటాయి చూడ్డానికి.

సరే, విషయానికొస్తే, నా థియరీ ఇదీ. బ్రెజిల్ గెలిస్తే రాత్రంతా డాన్సులు, ధరల సంగతి సోమవారం చూసుకుందాంలే అనుకునేవాళ్లు, ప్రభుత్వం లెక్క కూడా అదే అని నా గట్టి నమ్మకం. బెల్జియం 2-1తో కొట్టింది. అసలే కడుపు మంట, దానిమీద ఈ ఓటమి. కాసేపట్లోనే రాజధాని పోర్టో ప్రిన్స్‌లో టైర్లు అంటుకున్నాయి. ఆ పొగలోకి వచ్చి ఆగాయి పాపం చర్చి వ్యాన్లు.

'మరి 2021లో అదే హైతీలో 17 మంది మిషనరీలను కిడ్నాప్ చేశారుగా' అంటారు. చేశారు. చేసింది 400 మావోజో అనే గ్యాంగు, తలకి పది లక్షల డాలర్లు అడిగారు. కిరోసిన్ ధర తగ్గించమని రోడ్డెక్కినోడినీ వాళ్లనీ ఒకే గాటన కట్టేస్తారేంటండీ! మన దగ్గర రాస్తారోకోలో బస్సు ఆగితే, లోపల కూర్చున్న పెళ్లివారి మీద పగ అని ఎవరైనా అంటారా?

మళ్లీ 2018కి వస్తే, మ్యాచ్ మర్నాడు శనివారానికల్లా ప్రభుత్వం పెంపు వెనక్కి తీసుకుంది. ఒక్క రోజు! జులై 14న ప్రధాని జాక్ గై లాఫోంటాన్ రాజీనామా కూడా చేసేశాడు. అంటే తప్పెవరిదో వాళ్లే ఒప్పుకున్నట్టు కాదా? లేదు, ఇప్పటికీ హైతీ జనాన్నే తిడతామంటారా, అయితే బెల్జియం గోల్ కీపర్‌ని కూడా కలిపి తిట్టండి, ఆ రోజు బ్రెజిల్‌ని ఆపింది ఆయనే. కామెంట్లు ఓపెన్‌గానే ఉన్నాయి.