మోటన్ హైస్కూల్: పదహారేళ్ల అమ్మాయి మొదలుపెట్టిన స్ట్రైక్

బయట వాన. లోపల క్లాసులో పిల్లలు గొడుగులు వేసుకుని పాఠం వింటున్నారు. ఇది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రం ఫార్మ్‌విల్ ఊళ్లో జరిగిన సంగతి.

ఆ బడి పేరు రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూల్. నల్లజాతి పిల్లల కోసం 1939లో, 180 మందికి సరిపోయేలా కట్టారు. 1951కి పిల్లలు 450 దాటారు. చోటు చాలక పక్కన చెక్క షెడ్లు వేసి తారు కాగితం కప్పారు. చలికాలంలో పొయ్యి దగ్గరున్న వాళ్లకు ఉడుకు, దూరంగా ఉన్న వాళ్లకు వణుకు. అదే ఊళ్లో తెల్లపిల్లల హైస్కూల్‌కి జిమ్ కూడా ఉంది.

1951 ఏప్రిల్ 23. మన పిల్లలు కొందరు ఊళ్లో గొడవలో ఇరుక్కున్నారంటూ ప్రిన్సిపాల్‌కి ఫోన్ వచ్చింది. అది విద్యార్థులే చేసిన దొంగ ఫోన్. ఆయన అటు వెళ్లగానే అందరినీ హాల్లోకి పిలిచారు. తెర తీస్తే వేదిక మీద పదహారేళ్ల బార్బరా జాన్స్! టీచర్లను బయటికి వెళ్లమని చెప్పి, స్ట్రైక్ చేద్దామంది. ఆ వయసులో అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో, తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వాళ్లు మొదట అడిగింది మంచి బిల్డింగే. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం అసలు వేరు బడుల పద్ధతి మీదే కేసు వేద్దామన్నారు. పిల్లలు, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. 117 మంది విద్యార్థుల తరఫున వేసిన ఆ కేసు, ఇలాంటివే మరికొన్నిటితో కలిసి 'బ్రౌన్' పేరుతో సుప్రీంకోర్టుకి వెళ్లిన కేసులో భాగమైంది. జాతిని బట్టి బడులు వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

గెలిచారు కదా అనుకుంటాం. 1959లో, ఇక పిల్లల్ని కలిపి కూర్చోబెట్టక తప్పదని కోర్టు చెప్పేసరికి, ఫార్మ్‌విల్ ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) పెద్దలు ప్రభుత్వ బడులకు పైసా ఇవ్వకుండా అన్నిటికీ తాళాలు వేయించారు! తెల్లపిల్లలకు ప్రైవేట్ బడి వెలిసింది. నల్లపిల్లల్లో కొందరు చుట్టాల ఇళ్లకు, వేరే రాష్ట్రాలకు వెళ్లి చదువుకున్నారు. చాలామందికి చదువే ఆగిపోయింది. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకున్నాకే ప్రభుత్వ బడులు తెరుచుకున్నాయి. ఆరేళ్లప్పుడు ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లకి అప్పటికి పదకొండేళ్లు.

బార్బరాకి ప్రమాదమని ఇంట్లోవాళ్లు ఆమెను అలబామాలో తండ్రి సోదరుడి దగ్గరికి పంపేశారు. తర్వాత లైబ్రేరియన్ అయింది, 1991లో చనిపోయింది. మోటన్ బడి ఇప్పుడు మ్యూజియం. బడులు మూసేసినందుకు చదువు పోగొట్టుకున్న వాళ్లకు 2003లో గౌరవ డిప్లొమాలు ఇచ్చారు. అందుకోవడానికి వచ్చినవాళ్లు అప్పటికే నడివయసు దాటినవాళ్లు.